పాలిచ్చేటప్పుడు కూర్చోడానికి కుర్చీ: రాకింగా, రిక్లైనరా, మామూలుదా?

కూకట్‌పల్లి_హారిక
నాకిప్పుడు ఏడో నెల. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. చిన్న గదిని (10 x 11 అడుగులు) పుట్టబోయే బిడ్డ కోసం సర్దుతున్నాం. రంగులయ్యాయి, కర్టెన్లయ్యాయి, కుర్చీ దగ్గర ఆగిపోయాం. రీల్స్‌లో అందరూ లావుపాటి గ్లైడర్‌లో (కింద చట్రం కదలకుండా సీటు మాత్రం ముందుకీ వెనక్కీ జరిగే కుర్చీ) కూర్చుని హాయిగా ఊగుతుంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే షీషమ్ రాకింగ్ చైర్లు బోలెడు, రిక్లైనర్లు బోలెడు. గ్లైడర్లు మాత్రం తక్కువ, ఉన్నవి మాకు అందవు. మా బడ్జెట్ 20 వేల లోపు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, మా ఆయనది 5 అడుగుల 11. ఇద్దరికీ సరిపోవాలి. మా అత్తయ్యేమో "కుర్చీ ఎందుకమ్మా, మంచం లేదా" అంటున్నారు. పైగా కాన్పు కాకముందు పిల్లల సామాను ఇంట్లోకి తేకూడదట. నిజంగా వాడినవాళ్లు చెప్పండి. షాపు లింకులు మాత్రం వద్దు, చూసీ చూసీ కళ్లు లాగేస్తున్నాయి.

కాఫీ_డికాషన్
5.1కీ 5.11కీ కలిపి సరిపోయేది బస్టాండ్ బెంచీ ఒక్కటే.

ఇద్దరి_అమ్మ
పెద్దాడప్పుడు ముచ్చటపడి షీషమ్ రాకింగ్ చైర్ కొన్నాం. మా ఇంట్లో నున్నటి టైల్స్. ఊగిన ప్రతిసారీ కుర్చీ కాస్త వెనక్కి జరిగేది. వాడు తాగి తాగి కళ్లు మూసే సమయానికి వెనక గోడకి టక్ మని తగిలేది. వాడు లేచేవాడు. మళ్లీ మొదలు. చేతులు పెట్టుకునే చెక్కలు కూడా బాగా దూరంగా, కిందికి ఉండేవి, మోచేయి గాల్లో వేలాడేది. చిన్నదాని టైంకి డైనింగ్ కుర్చీ, నడుం వెనక ఒక దిండు, కాళ్ల కింద పూజగదిలో పీట. ఏ ఇబ్బందీ లేదు. రాకింగ్ చైర్‌లో ఇప్పుడు ఉతికి మడత పెట్టని బట్టలు కూర్చుంటున్నాయి.

నిద్రలేని_నాన్న
పైన అక్క చెప్పినదాంతో నేను ఒప్పుకోను. మా ఇంట్లో రాకింగ్ చైరే కాపాడింది. పాలివ్వడానికి కాదు, ఆ తర్వాత. భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టాలి కదా, ఆ డ్యూటీ నాది. తెల్లవారుజామున మూడింటికి గదిలో పచార్లు చేసే ఓపిక ఎవరికుంటుంది? కూర్చుని ఊగుతూ తట్టేవాణ్ణి. జారే సమస్యకి పాత సైకిల్ ట్యూబు కోసి, కింద వంపు చెక్కలకి అంటించాం. ఇక జరగలేదు.

కాఫీ_డికాషన్
ట్యూబు ట్యూబ్‌లెస్సా నాన్నా?

బెజవాడ_బుల్లోడు
నాకర్థం కానిదేంటంటే, మన అమ్మమ్మలు, నాయనమ్మలు అరడజను మందిని కన్నారు. ఎవరికైనా నర్సరీ చైర్ ఉందా? చాప వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు, అంతే. ఇదంతా రీల్స్ పిచ్చి. 20 వేలు పోస్టాఫీసులో వేస్తే పిల్లకి పనికొస్తాయి.

సూర్యాపేట_పెద్దమ్మ
ఓ బుల్లోడూ, ఆ అరడజను మందిని కన్నవాళ్లలో ఒకదాన్ని నేనే అనుకో. నేను కన్నది నలుగురిని. చాప మీద కూర్చున్నా, నవారు మంచం మీద కూర్చున్నా. నవారు మధ్యలో కుంగి ఉంటే బిడ్డ ఒక పక్క, నేను ఒక పక్క. ముందుకు వంగి వంగి మెడ పట్టేసేది. మాకు కుర్చీ వద్దని కాదు, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో మా మామ కూర్చునేవాడు. హారికా, నీకు వీలుంటే కొనుక్కో బిడ్డా. మీ అత్తతో గొడవ మాత్రం పెట్టుకోకు, మెల్లగా చెప్పు.

ఇద్దరి_అమ్మ
పెద్దమ్మా 🙏 బుల్లోడికి ఇంకో పదేళ్లు సరిపోతుంది.

బెజవాడ_బుల్లోడు
అబ్బో, సరే పెద్దమ్మా. నాకింకా పెళ్లే కాలేదు, ఊరికే అన్నా.

కాఫీ_డికాషన్
అది మాకు మొదటి పోస్టులోనే తెలిసింది.

టేకు_బాబాయ్
రాజమండ్రిలో ఫర్నిచర్ పని మాది, నాన్నగారి కాలం నుంచీ. హారిక గారూ, షాపుకి పోకముందు టేపు తీయండి. ఇంట్లో ఉన్న కుర్చీలన్నిట్లో వీపు ఆనించి కూర్చోండి. దేంట్లో అరికాళ్లు పూర్తిగా నేలకి ఆనుతున్నాయో దాని సీటు ఎత్తు కొలవండి. మీ ఎత్తుకి 15, 16 అంగుళాలు వస్తుంది. షాపుల్లో దొరికేవి ఎక్కువగా 18, కొన్ని 19 కూడా. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం. బూట్లు వేసుకుని తిరిగే దేశాల కొలత మనకి సరిపోదు, అక్కడే ఒక అంగుళం తేడా. కాళ్లు సరిగ్గా ఆనకపోతే తొడ కింద ఒరుసుకుని తిమ్మిరెక్కుతుంది. బిడ్డ ఒళ్లోంచి జారుతుందేమోనని మడమలెత్తి మునివేళ్ల మీద ఆపుకుంటారు. నడుం నొప్పి అక్కడ మొదలవుతుంది, కుర్చీని తిట్టుకుంటారు.

తర్వాత లోతు. వీపు ఆనించి కూర్చున్నాక మోకాలి వెనక మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. మీకు 17, 18 అంగుళాల లోతు చాలు. సోఫాలు 21, 22 ఉంటాయి, అందుకే పొట్టివాళ్లు సోఫాలో ఎప్పుడూ సగం పడుకున్నట్టే ఉంటారు. చేతి చెక్కలు సీటు మీద నుంచి 8, 9 అంగుళాల ఎత్తు ఉంటే భుజాలు పైకి లేవకుండా మోచేయి ఆనుతుంది. ఫోమ్ కూర్చోగానే అంగుళం దాకా దిగుతుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి. 40 డెన్సిటీ అడగండి. తక్కువ డెన్సిటీ అయితే ఏడాది తిరక్కుండా గుంట పడుతుంది.

మీ ఆయన సంగతి: పొడుగు మనిషి కురచ కుర్చీలో కాళ్లు చాపుకుని సర్దుకోగలడు. కురచ మనిషి ఎత్తు కుర్చీలో సర్దుకోలేదు. కాబట్టి మీ కొలతే కొలత.

కూకట్‌పల్లి_హారిక
బాబాయ్ గారూ, ఇప్పుడే కొలిచాను. డైనింగ్ కుర్చీ 18న్నర! నా మడమలు నిజంగానే గాల్లో ఉన్నాయి. ఇన్నేళ్లు ఎలా తిన్నానో. మరి షాపుల్లో 16 అంగుళాలవి దొరకవా?

టేకు_బాబాయ్
దొరుకుతాయి, వెతకాలి. లేదంటే నచ్చిన చెక్క కుర్చీ కొని కాళ్లు కోయించండి. ముందు కాళ్లు రెండంగుళాలు కోస్తే వెనక కాళ్లు రెండున్నర కోయాలి, అప్పుడు వీపు కాస్త వాలుతుంది. గంట పని. రాకింగ్ చైర్‌కి మాత్రం ఈ పని చేయకూడదు, తూకం పోయి ఊగడం మానేసి పడేస్తుంది. ఇవేవీ వద్దంటే ఇద్దరి_అమ్మ గారి పీటే మేలు. నాలుగంగుళాల పీట కాళ్ల కింద పెడితే ఎత్తు కుర్చీ కూడా దారికొస్తుంది.

గుంటూరు_శ్రావణి
పిల్లల కుర్చీ అయితే బ్యాటరీతో ఊగే రాకర్ తీసుకోండి, పాటలు కూడా వస్తాయి. మా వాడు రాత్రంతా అందులోనే పడుకునేవాడు.

ఇద్దరి_అమ్మ
శ్రావణీ, అడిగింది అమ్మ కూర్చునే కుర్చీ గురించి.

డల్లాస్_మాధవి
అది సరే గానీ శ్రావణి గారూ, రాత్రంతా అందులో పడుకోబెట్టడం మంచిది కాదండీ. కాస్త ఏటవాలుగా ఉన్నా చాలు, తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే పసివాళ్లకి ఊపిరి ఆడదు. ఇక్కడ అమెరికాలో 10 డిగ్రీలకు మించి వాలు ఉన్న పిల్లల పడకలనే 2022లో చట్టం చేసి నిషేధించారు. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్లెదుట కాసేపు కూర్చోబెట్టుకోండి. నిద్రపోతే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా వేయండి.

గుంటూరు_శ్రావణి
అమ్మో. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. మా చెల్లికి ఇద్దామనుకుంటున్నా, ఇవ్వను.

డల్లాస్_మాధవి
హారిక గారి ప్రశ్నకొస్తే: నా దగ్గర ఆ రీల్స్‌లో గ్లైడరే ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మెత్తగా, చప్పుడు లేకుండా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రాకింగ్ చైర్‌లా పైకీ కిందకీ ఊగదు, కింద చట్రం కదలదు కాబట్టి గోడకి తగలదు. అది నిజంగా సుఖమే. పాప పాకడం మొదలెట్టాకే అసలు సంగతి తెలిసింది. సీటుకీ చట్రానికీ మధ్య సందులో వేళ్లు పెట్టేది. లాక్ లివర్ ఉన్నది కాబట్టి సరిపోయింది. మీరు ఏది కొన్నా, ఊగేది అయితే ఆపే ఏర్పాటు ఉందో లేదో చూడండి. రాకింగ్ చైర్‌కి అయితే వంపు చెక్క కింద పాకే పిల్లల వేళ్లు పడతాయి.

నిద్రలేని_నాన్న
ఇది నిజం. పాప పాకే టైంకి మాది బాల్కనీలోకి పంపించేశాం.

ఓపీ_సిస్టర్
వరంగల్‌లో ప్రసూతి వార్డులో పని చేస్తాను. రోజూ చూసేది చెప్తున్నా.

పచ్చి బాలింత 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. మొదట్లో ఒక్కోసారి అరగంట, ముప్పావు గంట పడుతుంది. అంటే రోజుకి ఐదారు గంటలు కూర్చునే పని. ఆఫీసు కుర్చీకి అంత ఆలోచించే ఇంట్లో దీనికి ఆలోచిస్తే తప్పేముంది? బుల్లోడు తమ్ముడూ, చాప మీద కూర్చోమన్నావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్కల్లో తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రలో 42.4. కుట్లతో ఉన్న మనిషి నేల మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. మా అమ్మమ్మల కాలంలో ఇన్ని కోతలు లేవు.

అందుకని హారిక గారూ, కుర్చీ పరీక్ష ఇది: చిన్న దిండు ఒకటి బిడ్డలా రెండు చేతులతో గుండెలకి పట్టుకోండి. చేతులు ఆనించకుండా, ముందుకి విసురుకోకుండా లేవగలరా? లేవగలిగితే కొనండి. మెత్తగా లోపలికి మింగేసే కుర్చీలు, వెనక్కి బాగా వాలి ఉండే వంచిన చెక్క కుర్చీలు ఈ పరీక్షలో పోతాయి. పక్కన లివర్ లాగే రిక్లైనర్ కూడా కుట్లున్నవాళ్లకి కష్టం. కాళ్లతో తోసి ముడవాలి, ఆ బలమంతా పొట్ట మీద పడుతుంది. బటన్‌ది అయితే పర్వాలేదు గానీ కరెంటు పోతే?

కాఫీ_డికాషన్
కరెంటు పోతే లైన్‌మన్ వచ్చేదాకా పాలిస్తూ ఉండటమే.

ఓపీ_సిస్టర్
😀 ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. బిడ్డని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో, సోఫాలో నిద్రపోవద్దు. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022 సూచనల్లో, సోఫాలో మెత్తటి కుర్చీలో పెద్దవాళ్లతో కలిసి నిద్రపోయిన పసిపాపలకి మరణ ప్రమాదం 67 రెట్ల దాకా ఎక్కువ అని రాశారు. చేతి మీద నుంచి కుషన్ సందులోకి జారితే మనకి తెలియదు. నిద్రలేని_నాన్న గారూ, మూడింటికి మీరు ఊగుతూ తట్టేవాళ్లన్నారే, అది చదివి భయమేసింది.

నిద్రలేని_నాన్న
సిస్టర్, మా ఆవిడ కూడా అదే అనేది. ఫోన్‌లో పది నిమిషాలకోసారి వైబ్రేషన్ పెట్టేది. నేను దాన్ని శత్రువులా చూసేవాణ్ణి.

ఓపీ_సిస్టర్
ఆవిడకి నా తరఫున థాంక్స్ చెప్పండి. నిద్ర ముంచుకొస్తే బిడ్డని వెంటనే పక్క మీద వేసేయాలి, త్రేన్పు రాకపోయినా.

కూకట్‌పల్లి_హారిక
సిస్టర్ గారూ, ఆ దిండు పరీక్ష మా సోఫాలో చేశా. లేవలేకపోయా. ఏడో నెల పొట్ట కూడా ఉంది లెండి. మా ఆయన వీడియో తీశాడు.

ఇద్దరి_అమ్మ
హారికా, ఒక సంగతి అడగాలి. పురుడు ఎక్కడ? పుట్టింట్లోనా?

కూకట్‌పల్లి_హారిక
అవునక్కా. వచ్చే నెల తెనాలి వెళ్తున్నా. మూడో నెలో ఐదో నెలో వచ్చాక తిరిగి హైదరాబాద్.

ఇద్దరి_అమ్మ
మరి కుర్చీ కూకట్‌పల్లిలో ఎందుకమ్మా! ఎక్కువ సార్లు పాలిచ్చే రోజులు, కుట్లు పచ్చిగా ఉండే రోజులు తెనాలిలో గడుస్తాయి. నువ్వు తిరిగొచ్చేసరికి పాప ఐదు నిమిషాల్లో తాగేసి పక్కకి తిరిగి ఫ్యాన్ చూస్తుంది.

కూకట్‌పల్లి_హారిక
...

కూకట్‌పల్లి_హారిక
మేము రెండు వారాలుగా ఈ కుర్చీ గురించి కొట్టుకుంటున్నాం. ఒక్కరికీ ఇది తట్టలేదు.

కాఫీ_డికాషన్
20 వేల కుర్చీలో ఐదు నెలలు మీ ఆయన కూర్చుంటాడు. బిర్యానీ ఆర్డర్ పెట్టుకుని.

సాఫ్ట్‌వేర్_స్వప్న
నాదీ ఇదే కథ, కాబట్టి ఇంకో కోణం. నాకు సెలవు 26 వారాలు (2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి అంతే కదా). అందులో ఎక్కువ భాగం మా అమ్మ దగ్గర ఖమ్మంలోనే గడిచింది. హైదరాబాద్ వచ్చాక వర్క్ ఫ్రమ్ హోమ్. అప్పుడు అదే కుర్చీలో మీటింగ్, అదే కుర్చీలో పాలు. కాబట్టి హైదరాబాద్‌లో కొనేది పాలకి మాత్రమే అని కాకుండా, తర్వాత కూడా కూర్చుని చదువుకోడానికో పని చేసుకోడానికో పనికొచ్చేలా చూసుకోండి. తెనాలికి చవకలో ఏదైనా ఏర్పాటు చేసుకోండి.

తెనాలి_బామ్మగారి_మనవడు
మా ఊరు వచ్చింది కాబట్టి నేనూ వచ్చా. తెనాలిలో పాత ఇళ్లలో వాలుకుర్చీ ఉంటుంది కదా, గుడ్డది, మడత పెట్టేది. అదే వేయండి.

టేకు_బాబాయ్
వద్దు బాబూ. పడక కుర్చీలో పాలివ్వడం కుదరదు. నడుం దగ్గర గుడ్డ కుంగిపోతుంది, చేతి చెక్కలు భుజాల దగ్గర ఉంటాయి. మధ్యాహ్నం పేపర్ మొహాన కప్పుకుని పడుకునే తాతగార్ల కోసం చేసింది అది.

సూర్యాపేట_పెద్దమ్మ
అందులోంచి తాతలే లేవలేకపోయేటోళ్లు.

ఓపీ_సిస్టర్
తెనాలిలో అమ్మగారింట్లో చేతులున్న మామూలు ప్లాస్టిక్ కుర్చీ తప్పకుండా ఉంటుంది. వెడల్పు ఉన్నది, కదలనిది చూసుకోండి. సీటు మీద పాత చీరలతో కుట్టిన బొంత రెండు మడతలు. నడుం దగ్గర చుట్టిన టవల్. ఒళ్లో గట్టి దిండు, బిడ్డ మూతి రొమ్ము ఎత్తుకి వచ్చేలా. కాళ్ల కింద పీట. బిడ్డని రొమ్ము దగ్గరికి తేవాలి గానీ మనం బిడ్డ మీదకి వంగకూడదు. ఈ ఒక్కటి కుదిరితే ఏ కుర్చీ అయినా ఒకటే. చేతికందే దూరంలో మంచినీళ్లు పెట్టుకోండి, పాలు పడుతుంటే గొంతెండిపోతుంది. మొదటి వారం మంచం మీద పక్కకి తిరిగి పడుకుని కూడా ఇవ్వొచ్చు, కుట్ల మీద ఒత్తిడి ఉండదు. ఎలా పట్టుకోవాలో డిశ్చార్జ్ కాకముందే నర్సుని అడిగి రెండు మూడుసార్లు చేయించుకోండి. సిగ్గుపడకండి.

అనంతపురం_లత
మా దగ్గర ఎండలకి రెక్సిన్ రిక్లైనర్ ఎంత పాపమో చెప్పలేను. వీపంతా చెమట, పిల్ల చెంప దానికి ఆనితే ఎర్రగా పొక్కులు. పైగా పాలు కక్కితే కుట్టు సందుల్లోకి దిగి పుల్లటి వాసన, ఎంత తుడిచినా పోదు. గుడ్డ కవరు, అదీ జిప్ తీసి ఉతుక్కునేది మాత్రమే తీసుకోండి. ముదురు రంగు.

నిద్రలేని_నాన్న
పేము కుర్చీ ఎలా ఉంటుంది? గాలి ఆడుతుంది కదా.

అనంతపురం_లత
గాలి ఆడుతుంది. కానీ అల్లిక చివర్లు ఊడితే గుచ్చుకుంటాయి, చీర కొంగు, చున్నీ పట్టేసుకుంటాయి. మా అత్తయ్య చేతి చెక్కలకి పాత కాటన్ చీర చుట్టి కుట్టేసింది, అప్పటి నుంచి బాగుంది.

పాతబస్తీ_ఫర్జానా
సెకండ్‌హ్యాండ్ అయినా పర్లేదనుకుంటే హైదరాబాద్‌లో గురువారం జరిగే పాత సామాను సంత, జుమ్మేరాత్ బజార్ చూడండి. గట్టి టేకు కుర్చీలు అప్పుడప్పుడు దొరుకుతాయి. బేరం ఆడాలి, సగం నుంచి మొదలెట్టండి.

ఇద్దరి_అమ్మ
ఫర్జానా, నల్లుల సంగతి?

పాతబస్తీ_ఫర్జానా
గుడ్డ కుర్చీ కొనొద్దక్కా, ఉట్టి చెక్కది కొనాలి. సందులన్నీ టార్చి వేసి చూడాలి. ఇంటికి తెచ్చాక జాయింట్లలో మరిగే నీళ్లు పోసి, రెండు రోజులు ఎర్రటి ఎండలో పెట్టాలి. అప్పటికీ అనుమానం ఉంటే లోపలికి తేవొద్దు.

టేకు_బాబాయ్
టేకు తట్టుకుంటుంది గానీ మరిగే నీళ్లకి పాలిష్ తెల్లబడుతుంది, జిగురు జాయింట్లు వదులవుతాయి. మళ్లీ బిగించి పాలిష్ వేయించే ఖర్చు కలుపుకుని బేరం ఆడండి. కిర్రు కిర్రు చప్పుడు కూడా కూర్చున్నాక అటూ ఇటూ ఒరిగి వినండి. చాలామంది చెక్కకి నూనె రాస్తారు. చప్పుడు చెక్కది కాదు, జాయింట్‌ది. బోల్టులు బిగిస్తే పోతుంది. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. ఆన్‌లైన్ కుర్చీతో పాటు బోల్టులు బిగించడానికి ఇచ్చే ఎలెన్ కీ పారేయకుండా దాచుకోండి.

మోడరేటర్
ఫోన్ నంబరుతో షాపు ప్రకటన పెట్టిన పోస్టు తీసేశాం. చర్చ బాగుంది, కొనసాగించండి.

వైజాగ్_కెరటం
పాపకి వేరే గది ఎందుకని ఎవరూ అడగలేదే? మొదటి ఆర్నెల్లు బిడ్డ అమ్మానాన్నల గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవాలని డాక్టర్లు చెప్తారు. మనిళ్లలో ఎలాగూ అంతే. మరి రాత్రి ఏడిస్తే లేచి ఇంకో గదిలో కుర్చీ దాకా నడుస్తారా? కుర్చీ మీ మంచం పక్కన ఉండాలి. మంచానికీ గోడకీ మధ్య ఎంత జాగా ఉందో అది కొలవండి. రిక్లైనర్ అయితే చాచినప్పుడు ముందూ వెనకా చాలా జాగా తింటుంది.

ఇద్దరి_అమ్మ
కరెక్ట్. మా రాకింగ్ చైర్ పక్క గదిలో ఉండేది, రాత్రిళ్లు ఎవరు వెళ్తారు? మంచం మీదే కానిచ్చేదాన్ని.

కూకట్‌పల్లి_హారిక
కొలిచాం. మంచానికీ కప్‌బోర్డ్‌కీ మధ్య రెండడుగుల ఎనిమిది అంగుళాలు. అంటే రిక్లైనర్, రాకింగ్ రెండూ అవుట్.

వైజాగ్_కెరటం
చేతులున్న చిన్న కుర్చీ పడుతుంది. కప్‌బోర్డ్ తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకోండి మరి.

బెజవాడ_బుల్లోడు
మరి ముందే సామాను తేకూడదన్న అత్తగారి మాట? దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

సూర్యాపేట_పెద్దమ్మ
ఈసారి మంచి ప్రశ్న అడిగిండు. అది పెద్దోళ్ల భయం బిడ్డా, కొట్టిపారేయొద్దు. ఏదైనా అటూ ఇటూ అయితే ఆ సామాను చూసి ఏడవాల్సి వస్తదని. కొలతలు తీసుకో, ఏదో ఎంచుకో, కాన్పయినంక తెప్పించుకో. ఊయల బారసాలకే కదా వేస్తం, కుర్చీకేం తొందర.

సాఫ్ట్‌వేర్_స్వప్న
మేము కుర్చీ మా ఆయన పేరు మీద తెచ్చాం. "ఇది పిల్ల సామాను కాదత్తయ్యా, మీ అబ్బాయి ఆఫీసు కుర్చీ" అన్నా. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

కాఫీ_డికాషన్
మా నాయనమ్మ ఖాళీ ఊయల ఊపనిచ్చేది కాదు. ఖాళీ రాకింగ్ చైర్ ఫ్యాన్ గాలికి ఊగితే ఏం చేసేదో.

కూకట్‌పల్లి_హారిక
ఇందాక అమ్మకి ఫోన్ చేశా. తెనాలిలో నాన్న పాత టేబుల్ కుర్చీ ఉంది, చేతులున్నది, టేకుదే. సీటు 17. పీటతో సరిపోతుంది. అమ్మ బొంత కూడా తీసి ఎండలో వేసిందట, అప్పుడే. హైదరాబాద్‌కి మాత్రం ఇప్పుడే కొనం. కొంటే 16 అంగుళాల సీటు, 40 డెన్సిటీ, జిప్ కవరు. ఈ కొలతల కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. మా ఆయన "అయితే ఆ 20 వేలు?" అని చాలా ఆశగా అడుగుతున్నాడు.

కాఫీ_డికాషన్
ఇవ్వకండి.

టేకు_బాబాయ్
ఆ పాత కుర్చీ కాళ్ల కింద రబ్బరు గుండీలు వేయించమనండి, నాలుగూ సమంగా ఉన్నాయో లేదో చూడమనండి. పాత టేబుల్ కుర్చీల సీటు కేన్ అల్లిక అయితే అది తెగి ఉందేమో వేలితో నొక్కి చూడాలి. తెగితే పైన బొంత వేసినా మధ్యలో కుంగుతుంది. కింద చిన్న ప్లైవుడ్ పలక కొట్టిస్తే చాలు.

కూకట్‌పల్లి_హారిక
కేన్ అల్లికేనట. రేపు నొక్కి చూసి చెప్తానంది.

మంచిర్యాల_మౌనిక
ఆలస్యంగా చూశాను. అందరూ ఒక బిడ్డ లెక్కలో చెప్తున్నారు. నాకు కవలలు, స్కాన్‌లో తెలిసింది. చేతులున్న కుర్చీలో ఇద్దరు ఎలా పడతారు?

ఓపీ_సిస్టర్
పట్టరు మౌనికా. నీకు చేతుల్లేనిది, వెడల్పుది కావాలి. దివాన్ ఉంటే గోడకి జరిపి, వీపు వెనక గట్టి దిండ్లు పెట్టుకో. ఇద్దరికీ ఒకేసారి ఇచ్చేటప్పుడు రెండు పక్కలా దిండ్లు పెట్టి, ఒక్కొక్కరిని ఒక్కో చంక కింద పట్టుకోవాలి, కాళ్లు నీ వీపు వైపుకి. అప్పుడు నీ పొట్ట మీద బరువు పడదు. మొదట్లో మాత్రం ఒకరి తర్వాత ఒకరికి ఇవ్వు, ఇద్దరూ పట్టడం నేర్చుకున్నాక కలిపి. రెండో బిడ్డని అందించడానికి పక్కన మనిషి ఉండాలి.

మంచిర్యాల_మౌనిక
దివాన్ ఉంది. మనిషే కష్టం, మా ఆయనది సింగరేణిలో షిఫ్టులు.

సూర్యాపేట_పెద్దమ్మ
నైట్ షిఫ్టు వారం ముందే క్యాలెండర్‌లో రాసి పెట్టు. ఆ వారాలకి మీ అమ్మనో అత్తనో ఇప్పుడే చెప్పి పెట్టుకో.

మంచిర్యాల_మౌనిక
అమ్మకి మోకాళ్లు. నేల మీద పడుకోలేదు, రాత్రి ఆమె దివాన్ మీద పడుకుంటది.

ఓపీ_సిస్టర్
అయితే అమ్మకి మంచం వేరే చూడు, దివాన్ నీకే ఉండాలి. గోడ పక్కన, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట.